ఏ క్రెటా? ఏ గ్రాండ్ విటారా?



“క్రెటా తీసుకోమంటారా, గ్రాండ్ విటారా తీసుకోమంటారా?” కొంత డబ్బు కూడబెట్టుకుని, మరికొంత బ్యాంకు అప్పు కలుపుకుని, ఇంటిల్లిపాదికీ సరిపోయే బండి కోసం తిరుగుతున్నవాళ్ల నోట ఈ ప్రశ్న తరచుగా వింటుంటాను. అడిగినవాళ్లు ఒక పేరు చెప్పమంటారు. నేను పేరు చెప్పకుండా, “ఏ క్రెటా? ఏ గ్రాండ్ విటారా?” అని తిరిగి అడుగుతాను. ఎందుకంటే ఈ తరగతి బండ్లలో ఒక్కో పేరు కింద మూడు నాలుగు వేర్వేరు బండ్లున్నాయి. ఈ కంపెనీకీ ఆ కంపెనీకీ ఉన్న తేడా కన్నా, ఒకే పేరు కింద ఉన్న ఆ బండ్ల మధ్య తేడా పెద్దది. అందుకే పేర్లు పక్కన పెట్టి వేరియంట్లను పోల్చుకోమని చెబుతాను. ఎలా పోల్చుకోవాలో ఈ రెండు బండ్లనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

హ్యుందాయ్ క్రెటా మన దేశంలో 2015 జులైలో వచ్చింది. 2020లో రెండో తరం వచ్చింది, 2024 జనవరిలో దానికి ముందూ వెనకా రూపం మార్చారు. తయారయ్యేది చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దగ్గర. మారుతి సుజుకి గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చింది. పేరు మారుతిదే అయినా, దాన్ని చేసింది బెంగళూరు దగ్గర బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో. టొయోటా పేరుతో అమ్మే అర్బన్ క్రూయిజర్ హైరైడర్ దీనికి తోబుట్టువు. క్రెటాకి కూడా ఒక తోబుట్టువు ఉంది, అది పుట్టింది మన గడ్డ మీదే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన సెల్టోస్ అది. దాని ఇంజన్లూ క్రెటా ఇంజన్లూ ఒకే కుటుంబానివి. కాబట్టి ఇప్పుడు నేను ఇంజన్ల గురించి చెప్పే మాటలు చాలావరకు ఆ తోబుట్టువులకు కూడా పనికొస్తాయి.

షోరూమ్ నుంచి రెండు బ్రోషర్లు తెచ్చి, మంచం మీద పక్కపక్కన పరుచుకుని, కొలతలు సరిచూసుకునేవాళ్లను చూశాను. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారా 4345. వెడల్పు ఒకదానిది 1790, రెండోదానిది 1795. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం క్రెటాలో 2610, గ్రాండ్ విటారాలో 2600. ఈ తేడాలన్నీ వేలి మందానికి మించవు. ఇంజన్లు కూడా అన్నీ ఒకటిన్నర లీటర్లవే. కాగితం మీద కవలపిల్లల్లా కనిపిస్తాయి. అసలు తేడా ఆ ఒకటిన్నర లీటర్ల ఇంజన్ ఏ పద్ధతిలో పనిచేస్తుందన్న దాంట్లో ఉంది.

క్రెటాలో మామూలు పెట్రోలు ఇంజన్ ఉంది, 115 హార్స్ పవర్. టర్బో పెట్రోలు ఉంది, 160 హార్స్ పవర్. డీజిల్ ఉంది, 116. మామూలు పెట్రోలుకీ డీజిల్‌కీ హార్స్ పవర్ దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది. కానీ బండిని ముందుకు లాగే బలం, టార్క్ అంటారే, అది మామూలు పెట్రోలులో 144 న్యూటన్ మీటర్లు, డీజిల్‌లో 250. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ముందు ఎత్తైన రోడ్డు ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది. గ్రాండ్ విటారాలో 103 హార్స్ పవర్ మామూలు పెట్రోలు ఉంది. దానికి చిన్న మోటారు సాయం ఉంటుంది, దాన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. పేరులో హైబ్రిడ్ ఉన్నా మైలేజీలో అద్భుతాలు ఆశించకండి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్‌గ్రిప్ ఒకటి ఉంది. వీటన్నిటికీ పైన స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది. 2025 జనవరిలో వచ్చిన కరెంటు క్రెటాని ఈ లెక్కలోకి తీసుకురావడం లేదు. చార్జింగ్ సంగతులతో అది వేరే ప్రసంగమే అవుతుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. దీన్ని ప్లగ్గులో పెట్టి చార్జింగ్ చేయాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఆ అవసరం లేదు. ఇందులో మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఒకటి, కరెంటు మోటారు ఒకటి, డిక్కీ కింద చిన్న బ్యాటరీ ఒకటి ఉంటాయి. ఆ బ్యాటరీ సామర్థ్యం ఒక యూనిట్ కరెంటు కన్నా తక్కువే. మీరు బ్రేకు వేసినప్పుడు మామూలు బండిలో ఆ వేగమంతా బ్రేకు పళ్లేల దగ్గర వేడిగా పోతుంది. ఇందులో మోటారు జనరేటర్‌లా తిరిగి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి పంపుతుంది. సిగ్నల్ పడ్డాక బండి మోటారు మీదే కదులుతుంది. వేగం పెరిగితేనో, బ్యాటరీ తగ్గితేనో ఇంజన్ తనంతట తాను మొదలవుతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. ఆగుతూ కదులుతూ నడిచే దారిలోనే ఈ బండికి లాభం. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషి, విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా పూటపూటా తిరిగే మనిషి, విశాఖలో గాజువాక వైపు ట్రాఫిక్‌లో చిక్కుకునే మనిషి ఎన్నిసార్లు బ్రేకు వేస్తే అన్నిసార్లు ఎంతో కొంత శక్తి వెనక్కి వస్తుంది. అదే మనిషి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వంద దగ్గర నిలకడగా పోతుంటే వెనక్కి వచ్చేది ఏమీ ఉండదు. అప్పుడు బండిని లాగేది ఎక్కువగా పెట్రోలు ఇంజనే. మిగతా బండ్లన్నీ ఊళ్లో తక్కువ, హైవే మీద ఎక్కువ మైలేజీ ఇస్తాయి. ఈ ఒక్క బండి విషయంలో ఆ తేడా దాదాపు చెరిగిపోతుంది, ఒక్కోసారి తారుమారవుతుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకి 27.97 కిలోమీటర్లు. క్రెటా డీజిల్ మాన్యువల్‌కి 21.8, మామూలు పెట్రోలు మాన్యువల్‌కి 17.4. ఇవి ప్రయోగశాలలో బండిని రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల్లో నడిపి తీసిన అంకెలు. అక్కడ గతుకులుండవు, ఎదురుగాలి ఉండదు, ఏసీ పెట్టరు. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. ఈ అంకెలతో ఒక బండి కన్నా ఇంకో బండి మెరుగని తెలుసుకోవచ్చు. నెల ఖర్చు లెక్క వేసుకోవడానికి మాత్రం వీటిని నమ్మకండి.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. ఊళ్లోనూ హైవే మీదా కలిపి హైబ్రిడ్ లీటరుకి 22, డీజిల్ 16, మామూలు పెట్రోలు 12 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిల్ 96 అనుకుందాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే హైబ్రిడ్‌కి సుమారు 59 వేలు, డీజిల్‌కి 72 వేలు, మామూలు పెట్రోలుకి లక్షా 8 వేలు అవుతుంది. అంటే మామూలు పెట్రోలు మీద హైబ్రిడ్ ఏడాదికి 49 వేలు మిగులుస్తుంది. మీరు చూస్తున్న రెండు వేరియంట్ల ధరల మధ్య తేడా మూడు లక్షలైతే, ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. మీరు తిరిగేది ఏడాదికి ఆరు వేలేనా? అప్పుడు పన్నెండేళ్లు. ఇరవై నాలుగు వేలా? మూడేళ్లు. మీ ఊరి బంకు ధర, మీకు ఇచ్చిన కొటేషన్లు, మీ కిలోమీటర్లు పెట్టి ఈ లెక్క మీరే వేసుకోండి. ఏడాదికి ఎంత తిరుగుతారో చాలామంది ఎక్కువ చేసి చెబుతారు. పాత బండి ఉంటే దాని మీటరు రీడింగును దాని వయసుతో భాగించండి, నిజం బయటపడుతుంది.

రిటైరై, వారానికోసారి గుడికీ రైతుబజారుకీ వెళ్లే దంపతులకు స్ట్రాంగ్ హైబ్రిడ్ అమ్మడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్లకు డీజిల్ అమ్మడం ఇంకా అన్యాయం. ఎందుకో చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని ఆ ఫిల్టరే కాల్చేసుకోవాలి, దానికి బాగా వేడెక్కాలి. వేడెక్కాలంటే బండి కొంతసేపు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఇంజన్ ఆపేస్తే మసి కాలదు, పేరుకుపోతుంది. డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, తర్వాత సర్వీసు సెంటరు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అదే డీజిల్, కర్నూలు నుంచి హైదరాబాద్‌కి వారం వారం వెళ్లొచ్చే వ్యాపారికి, పంట పనుల మీద ఊళ్లు తిరిగే రైతుకి, నిండు లోడుతో శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లు ఎక్కే కుటుంబానికి చక్కగా సరిపోతుంది. తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు మామూలు పెట్రోలు బండి గేరు దించమని అడిగే మలుపులో డీజిల్ అదే గేరులో లాక్కుపోతుంది. హైబ్రిడ్ కూడా ఎక్కుతుంది, అనుమానం లేదు. కాకపోతే సుదీర్ఘమైన ఎత్తులో ఆ చిన్న బ్యాటరీ త్వరగా ఖాళీ అయి, భారమంతా మూడు సిలిండర్ల ఇంజన్ మీద పడుతుంది, చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. మొదటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్యాటరీ తొందరగా నిండిపోతుంది. అక్కడ గేరు లీవరును బి అనే అక్షరం దగ్గర పెట్టుకుంటే ఇంజన్ బండిని పట్టి ఆపుతుంది, బ్రేకులు వేడెక్కవు. ఈ ఒక్క సంగతి డెలివరీ రోజున కొత్త యజమానికి తప్పకుండా చెప్పాలి.

టర్బో పెట్రోలు గురించి ఒక్క మాట. తోలడానికి అంత హుషారైన బండి ఈ తరగతిలో తక్కువ. దానితో వచ్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మాత్రం, అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో వేడెక్కే స్వభావం ఉన్నది. మీ రోజువారీ దారి అలాంటిదైతే ఆలోచించుకోండి.

ఇప్పుడు ఇంజన్ వదిలి వెనక డోరు తీద్దాం. మన ఇళ్లలో బండి కొనేది ఒకరు, వెనక కూర్చునేది అమ్మానాన్నలు, పిల్లలు. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం కొనే మనిషి ఒక్కడే వెళ్లి, ముందు సీట్లో కూర్చుని, పది నిమిషాల్లో దిగి వచ్చేస్తాడు. దయచేసి అలా చేయకండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని తీసుకెళ్లి, ఎక్కించి, దింపించి చూడండి. నేల నుంచి బండి అడుగు భాగం ఎత్తు, గ్రౌండ్ క్లియరెన్స్, క్రెటాకి 190 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారాకి 210. పల్లె రోడ్డుకి ఆ ఇరవై మిల్లీమీటర్లు మేలే. ఎక్కేవాళ్ల మోకాలికి ఎలా ఉందో వాళ్లే చెప్పాలి. పైన పెద్ద గాజు సన్‌రూఫ్ ఉన్న వేరియంట్లో వెనక సీటు మీద పొడుగు మనిషిని కూర్చోబెట్టండి, తల పైకప్పుకి తగులుతోందేమో చూడండి. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో ఆ గాజు కింద కూర్చునేవాళ్లకు ఏసీ గాలి ఎంత వేగంగా అందుతోందో మధ్యాహ్నం పూటే పరీక్షించాలి. సాయంత్రం చల్లబడ్డాక చేసే టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ సంగతి తేలదు.

డిక్కీ కూడా వేరియంట్‌ని బట్టి మారిపోతుంది. క్రెటాలో 433 లీటర్ల చోటు ఉంది. గ్రాండ్ విటారా మామూలు పెట్రోలులో 373. అదే గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ చోటు తినేయడంతో 265 లీటర్లే మిగులుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి బియ్యం మూట, పచ్చళ్ల జాడీలు, కొబ్బరికాయలు వేసుకుని వచ్చే ఇల్లు మీదైతే ఈ అంకె మీకు ముఖ్యం. మీ ఇంట్లో పెద్ద సూట్‌కేసులు రెండు షోరూమ్‌కి పట్టుకెళ్లండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, డబ్బు మీది.

భద్రత గురించి చెప్పేటప్పుడు నాకు కొంచెం ఆవేశం వస్తుంది. ఎన్ని స్టార్లు అని అడుగుతున్నారు, సంతోషం. పదేళ్ల కిందట అదీ అడిగేవాళ్లు కాదు. కానీ ఆ స్టార్లు ఏ సంవత్సరం బండికి, ఏ పరీక్షలో వచ్చాయని కూడా అడగండి. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రెటాని గుద్ది చూసినప్పుడు మూడు స్టార్లు వచ్చాయి. పరీక్షించిన ఆ బండిలో రెండే ఎయిర్‌బ్యాగులున్నాయి. ఆ తర్వాత వచ్చిన 2024 క్రెటాలో అన్ని వేరియంట్లలోనూ ఆరు ఉన్నాయి. గ్రాండ్ విటారాలో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు 2025లోనే ఇచ్చారు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు, పేరు అదే కదా అని కొత్త బండి భద్రతను పాత బండికి అంటగట్టి చూడకూడదు. తయారైన సంవత్సరం, వేరియంట్ చూసి ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టుకోవాలి.

2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష వచ్చింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండి ముందు భాగంలో ఒక పక్కను అడ్డుగోడకి గుద్దిస్తారు. పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఇంకో గుద్దు. పెద్దల భద్రతకు 32 పాయింట్లలో కనీసం 27, పిల్లల భద్రతకు 49లో కనీసం 41 వస్తేనే అయిదు స్టార్లు. మీరు చూస్తున్న రెండు బండ్లకూ ఈ పరీక్ష ఫలితం ఉందా, ఉంటే పిల్లల పాయింట్లు ఎన్ని అని షోరూమ్‌లో కాగితం చూపించమనండి.

ఖరీదైన వేరియంట్లలో రాడారు, కెమెరాలతో దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు ఉంటుంది, ఏడాస్ అంటారు. పై వేరియంట్ క్రెటాల్లో ఇది ఉంది. ముందు బండి హఠాత్తుగా ఆగితే బ్రేకు వేయడం, పక్కన కనిపించని బండి గురించి హెచ్చరించడం నిజంగా ప్రాణాలు కాపాడే పనులు. గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటోల మధ్య, గీతల నడుమ ఉంచడానికి స్టీరింగును తిప్పే సాయం మాత్రం పెద్దగా ఉపయోగపడదు. ఆ ఒక్కదాని కోసం అప్పు పెంచుకోవద్దు. దానికన్నా ముందు, వెనక సీట్లో మధ్యన కూర్చునేవాళ్లకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో చూడండి. చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు చేతికి అందుతున్నాయో లేదో చూడండి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవడం చట్టం ప్రకారం తప్పనిసరి. ముందు సీట్లో పసిబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే వేగానికి ఆ బిడ్డ ఎదురుగా ఉంటుందని గుర్తు పెట్టుకోండి. బండి ఏదైనా సరే, ఆ పని చేయకండి.

సర్వీసు గురించి ఎక్కువ చెప్పను. మారుతికి ఊరూరా సర్వీసు సెంటర్లున్న మాట నిజం. ఆదిలాబాద్ వైపో, పాడేరు వైపో ఉండేవాళ్లకు అది పెద్ద అండ. నగరాల్లో ఉండేవాళ్లకు ఈ తేడా అంతగా తెలియదు. హైబ్రిడ్ బ్యాటరీ పోతే ఎలా అని భయపడేవాళ్లకు ఒక మాట. దానికి కంపెనీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది.

ఇక డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల కన్నా పొడవున్న ఈ బండ్లన్నిటికీ జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి మామూలు పెట్రోలు, డీజిల్ వేరియంట్లకు 45, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 43 శాతం ఉండేది. అంటే ధరలు తగ్గాయి గానీ, హైబ్రిడ్‌కి ఉన్న ఆ రెండు శాతం వెసులుబాటు పోయింది. పాత వీడియోల్లో చెప్పిన ధరల తేడాలు ఇప్పుడు నిలవవు, కొత్త కొటేషన్ తీసుకోండి. కొటేషన్ ఆన్-రోడ్ ధరకే తీసుకోండి. లైఫ్ టాక్స్ బండి ధర శ్లాబును బట్టి మారుతుంది, ధరకి కొన్ని వేలు తేడాతో పై శ్లాబులో పడే వేరియంట్లుంటాయి. మీ పేరున ఇప్పటికే ఒక బండి ఉంటే రెండో బండికి పన్ను ఎక్కువ పడుతుందేమో అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. బయట రెండు మూడు చోట్ల అడిగి, ఆ కాగితాలు చూపిస్తే షోరూమ్ వాళ్లే తగ్గిస్తారు. హ్యాండ్లింగ్ చార్జీలని ఒక వరుస కనిపిస్తే అదేమిటని అడిగి తీయించండి.

బుకింగ్ కాగితం మీద వేరియంట్ పూర్తి పేరు, ఇంజన్, గేర్‌బాక్స్, రంగు రాయించుకోండి. బండి తయారైన నెల, సంవత్సరం డెలివరీకి ముందే ఛాసిస్ నంబరుతో సరిచూసుకోండి. డిసెంబరులో తగ్గింపు ఇస్తున్నారంటే జనవరి వచ్చేసరికి ఆ బండి ఒక సంవత్సరం పాతది అవుతుంది. పదేళ్లు వాడేవాళ్లకు అది లాభమే, మూడేళ్లకే అమ్మేవాళ్లకు కాదు.

మరొక సంగతి. పది లక్షలు దాటిన బండి మీద షోరూమ్ వాళ్లు ఒక శాతం టీసీఎస్ వసూలు చేసి, మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కడతారు. పదిహేను లక్షల బండికి అది పదిహేను వేలు. అది మీ ఆదాయపు పన్ను ఖాతాలో జమ అయ్యే సొమ్ము. రిటర్ను దాఖలు చేసేటప్పుడు చూపిస్తే, కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. పెన్షన్ మీద బతికేవాళ్లు, రిటర్ను వేయని రైతులు చాలామంది దీన్ని అలాగే వదిలేస్తున్నారు. షోరూమ్ నుంచి టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఆడిటరుకి చూపించండి.